బెలర్మీనో మైదానం

ఆ ఏడు మా ఇంట్లో గడ్డికి దక్కిన నీళ్లు నాకు దక్కలేదు. అమ్మకీ దక్కలేదు. తలంటుకోవడానికి నేను వారం ఆగితే అమ్మ పది రోజులు ఆగింది. గడ్డి మాత్రం రోజూ పొద్దున్నే తాగింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పట్లో నా మంటంతా నాన్న మీదే. అసలు ఎవరి మీద మండిపడాలో తెలిసేసరికి జరగవలసింది జరిగిపోయింది.

మా ఊరు సెర్రా దో ఉంబుకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. పేరు ఉంబువెన్సె. రాష్ట్ర పోటీల్లో ముప్పయ్యొక్క ఏళ్లు రెండో వరసలో పడి దొర్లి, ముందటి ఏడు ఎలాగో మొదటి వరసకి ఎగబాకింది. మొదటి వరసలో పది జట్లు. జనవరిలో మొదలై ఏప్రిల్ రాకముందే మా మ్యాచ్‌లు అయిపోతాయి. అడుగున మిగిలిన రెండు జట్లు మళ్లీ కిందికి పోవాలి. ఆటగాళ్లని ఆ మూడు నెలలకే ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకుంటాం. తర్వాత వాళ్లెవరో మనమెవరో. ఊరికి ఇదంతా పట్టలేదు. మార్చి పదహారు ఆదివారం రాజధాని జట్టు మా ఊరొచ్చి మా మైదానంలో ఆడుతుంది. క్షౌరశాలలోనూ, చర్చి మెట్ల మీదా, చావు ఇంట్లోనూ అదే మాట.

ఆ మైదానం చూసుకునేది మా నాన్న బెలర్మీనో. నలభై ఏళ్లుగా రేడియోలో రాజధాని జట్టు ఆటలు వింటున్నాడు తప్ప ఒక్కసారీ కళ్లతో చూడలేదు. రాజధానికి బస్సులో పద్నాలుగు గంటలు. "నేను పోవడం దేనికి? వాళ్లే వస్తారు మన దగ్గరికి" అనేవాడు. జట్టు రెండో వరసలో ఉన్నన్నాళ్లూ అది పిచ్చి మాట. ఆ ఏడు అది నిజం కాబోతోంది. తను పెంచిన గడ్డి మీద వాళ్లు పరుగెత్తాలి, తను గోల్ వెనక నిలబడి చూడాలి. ఆయనకి కావలసింది అంతే. ఒక మనిషికి ఇంతకంటే చిన్న కోరిక ఉంటుందా?

వచ్చిన చిక్కల్లా కరువుతోనే. అది వానల్లేని మూడో ఏడు. జనవరి మొదటి వారంలో మైదానం బావి అడుగంటింది. వారానికి రెండు లారీల నీళ్లు పంపిస్తానని క్లబ్బు ప్రెసిడెంటు డాక్టర్ లూపెర్సియో మాటిచ్చాడు. డాక్టరంటే ఆయన ఎవరికీ సూది వేసిన పాపాన పోలేదు. పొలాలూ పశువులూ నీళ్ల లారీలూ ఉన్నవాణ్ణి మా వైపు అలాగే పిలవాలి. రెండన్న లారీల్లో ఒకటే వచ్చింది. రెండోది ఆయన ఆవుల దగ్గరికి పోయింది. ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఇళ్ల తొట్లు నింపేదీ ఆయన లారీలే మరి. ఏ గురువారం ఏ వీధికి నీళ్లు రావాలో ఆయన చిత్తం.

ఆ రాని లారీకి బదులు నాన్న మా ఇంటి తొట్టి తోడాడు. తోపుడు బండి మీద నాలుగు డబ్బాలు పెట్టుకుని పొద్దున్నే బయల్దేరేవాడు. ఒకరోజు అమ్మ వాకిట్లో బండికి అడ్డంగా నిలబడింది.

"ఆ డబ్బా దింపు. అది బీన్స్ ఉడకెయ్యడానికి."

"బీన్స్‌కి ఇంకోటి ఉంది కదే జెఫా."

"అది గిన్నెలకి."

"గిన్నెలు కడిగాక పారబొయ్యకు, అవీ పనికొస్తాయి. సబ్బు మాత్రం కాస్త తగ్గించు, గడ్డికి పడదు."

అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె! నువ్వు గడ్డిని చేసుకోవలసింది, నన్నెందుకు చేసుకున్నావ్?"

పక్కింటి క్విటేరియా గోడ మీంచి తల పెట్టింది. ఆవిడకి పన్నెండు మేకలు, నోరు ఒక్కటే అయినా వాటన్నిటికీ చాలినంత. "వదినా, మీ ఆయన తాగి పడిపోతే నలుగురికీ చెప్పుకుని ఏడవచ్చు. గడ్డికి నీళ్లు పోస్తున్నాడంటే ఎవరితో చెప్పుకుంటావ్? ఇక్కడ నా మేకలకి నాగజెముడు ముళ్లు కాల్చి పెడుతున్నా. ఆ మైదానం గోడవతల పచ్చివాసన తగిలి రోజంతా ఒకటే అరుపు."

"మార్చి పదహారు దాకా ఓపిక పట్టు క్విటేరియా" అన్నాడు నాన్న.

"నేను పడతా. వాటికి నువ్వే చెప్పు."

నాకు కోపం ఆగలేదు. వెంట్రుకలు జిడ్డు పట్టి చాపలా ఉన్నాయి, ఆఫీసుకి పోవాలి. "నన్ను కూడా తీసుకుపోయి ఆ గోల్ పక్కన పాతెయ్యి నాన్నా, రోజూ నీళ్లన్నా పోస్తావు" అన్నాను.

ఆయన నవ్వాడు. "నువ్వు ఎదగడం ఎప్పుడో అయిపోయింది దల్వా. అది ఇంకా ఎదగాలి తల్లీ."

బండి తోసుకుని పోయాడు. వెనక నుంచి చూస్తే ఆయన చొక్కా కూడా వారం నుంచి ఉతకలేదని తెలుస్తోంది.

రాత్రి భోజనాల దగ్గర ఆయనకి గడ్డి తప్ప వేరే మాట ఉండేది కాదు. మొక్కజొన్న పిండి ముద్ద చల్లారిపోతున్నా చెబుతూనే ఉండేవాడు. గడ్డికి వచ్చే రోగాలన్నిటికీ సొంత పేర్లు పెట్టుకున్నాడు. గుండ్రంగా ఎండిపోతే బట్టతల. ఉప్పునీళ్ల వల్ల నేల తెల్లగా పొంగితే ఉప్పు పొక్కు. అన్నిటికంటే చెడ్డది దొంగ పచ్చ. "పైకి నిగనిగలాడుతూ ఉంటుంది. చెయ్యి పెట్టి లాగితే ఊడొస్తుంది, కింద వేరు ఎప్పుడో చచ్చింది. కంటికి తెలీదు తల్లీ. చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలికి తెలుస్తుంది" అనేవాడు. తన మైదానంలో ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. జనవరి నెలాఖరుకి రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం వాళ్లొచ్చి చూసి, కరువు జిల్లాలో ఇంత గడ్డి ఎలా పెంచావయ్యా అని ఆశ్చర్యపోయి సంతకం పెట్టిపోయారు. ఆ రోజు నాన్న మూడుసార్లు కాఫీ తాగాడు.

ఇక నా సంగతి. నేను క్లబ్బు కార్యదర్శిని. పేరు గొప్పే గానీ పని ఉత్తరాలు రాయడం. ఆటగాళ్ల పేర్లు నమోదు చేయించాలన్నా, తేదీ మార్చమనాలన్నా, పసుపు కార్డు మీద ఫిర్యాదు చెయ్యాలన్నా సంఘానికి ఉత్తరం పోవాలి. డాక్టర్ లూపెర్సియోకి రెండు వాక్యాలు వరసగా రాయడం రాదు. నాకు వచ్చు. నేను రాసిన ఉత్తరం వెనక్కి వచ్చిన సందర్భం లేదు. ఆ గర్వం నాకు ఉండేది, ఉండేదని ఒప్పుకుంటాను.

కార్నివాల్ పండుగకి ముందు వారం ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయించాడు.

"దల్వా, ఒక ఉత్తరం రాయాలమ్మా. మన మైదానం మార్చి పదహారుకి పనికిరాదు. గడ్డి పాడైంది. కాబట్టి ఆ మ్యాచ్ రాజధానిలో పెద్ద స్టేడియంలో పెట్టుకోడానికి అనుమతి ఇవ్వండి. అంతే. నీ భాషలో నువ్వు రాయి."

నాకు అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. చిన్న ఊళ్ల క్లబ్బులు తమ సొంతగడ్డ మీది మ్యాచ్‌ని పెద్ద ఊళ్లో వ్యాపారులకి అమ్ముకోవడం కొత్త కాదు. మా మైదానంలో నాలుగు వేల మంది పడతారు, అక్కడ నలభై వేల మంది. కానీ ఊరికే అమ్మడానికి నిబంధనలు ఒప్పుకోవు. మా మైదానం పనికిరాదని మేమే చెప్పుకోవాలి.

"గడ్డి బాగుంది కదా డాక్టరుగారూ. మొన్ననే వాళ్లొచ్చి చూసిపోయారు."

"చూశారు. మళ్లీ చూడ్డానికి రాకూడదు. అలా రాయాలి. నీకు చేతనవుతుందనే కదా పిలిచింది?"

"మా నాన్న ఆ గడ్డి కోసం..."

"మీ నాన్నకి రాజధాని బస్సు టికెట్టు నేను కొనిస్తా. ముందు వరసలో కూర్చుని చూస్తాడు." కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ వీధికి లారీ గురువారమే కదూ వచ్చేది?"

అదే మాట, అంతకుమించి ఒక్క అక్షరం అనలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. భయపడి రాశానని చెప్పుకుంటే నాకు తేలికగా ఉంటుంది. భయపడ్డ మాట నిజమే. కానీ భయపడ్డవాళ్లు నాలుగు వాక్యాలు గీకి ఊరుకుంటారు. నేను రెండు పేజీలు రాశాను. కలం పట్టుకున్నాక నాకు ఉత్తరమే కనిపించింది, ఇంకేమీ కనిపించలేదు. దక్షిణం గోల్ ముందు గుండ్రని బట్టతల మచ్చలు తేలాయని రాశాను. మధ్య భాగంలో ఉప్పు పొక్కు వచ్చిందని రాశాను. పైకి పచ్చగా కనిపించినా వేళ్లు చచ్చిపోయాయనీ, దీన్ని ఇక్కడ దొంగ పచ్చ అంటారనీ, కంటితో చూసి తేల్చేది కాదు గనుక మళ్లీ తనిఖీకి వచ్చినా ప్రయోజనం ఉండదనీ, ఆటగాళ్ల కాళ్లు విరిగితే బాధ్యత ఎవరిదనీ రాశాను. మాటలన్నీ మా భోజనాల బల్ల దగ్గరివి.

డాక్టర్ లూపెర్సియో చదివి ఈల వేశాడు. "అబ్బో! నాకే నమ్మబుద్ధేస్తోంది. సంతకం నువ్వే పెట్టెయ్యి, కార్యదర్శివి నువ్వే కదా."

పెట్టాను.

ఇంట్లో చెప్పలేదు. రోజూ రాత్రి నాన్న ఎదురుగా కూర్చుని తిన్నాను, గడ్డి కబుర్లు విన్నాను. సంఘం ఒప్పుకోకపోవచ్చని ఆశ. ఎవరో ఒకరు వచ్చి చూస్తారని ఆశ. ఎవరూ రాలేదు. ఉత్తరం అంత బాగా కుదిరింది మరి.

కార్నివాల్ అయిపోయింది. బూడిద బుధవారం మర్నాడు మధ్యాహ్నం జిల్లా రేడియో ఆటల వార్తల్లో ఆ నిర్ణయం చదివారు. నిర్ణయంతో పాటు నా ఉత్తరం కూడా చదివారు, ఏదో వింత చదివినట్టు, ఒక్కొక్క రోగం పేరూ నొక్కి నొక్కి. నాన్న ఎప్పట్లాగే రేడియోని గోల్ కర్రకి తగిలించుకుని సున్నం గీతలు దిద్దుతున్నాడు.

నేను భోజనానికి ఇంటికి వచ్చేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతులకి సున్నం ఆరిపోయి ఉంది. అమ్మ పొయ్యి దగ్గర నిలబడింది.

"ఆ కాయితం నువ్వు రాశావా దల్వా?"

"అవును నాన్నా."

"దొంగ పచ్చ అన్నప్పుడే అనుకున్నా." ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. "బాగా రాశావు. ఎక్కడా తడబడలేదు చదివినవాడు."

బీన్స్ తిన్నాడు. ప్లేటు ఖాళీ అయ్యాక మంచినీళ్లు తాగి, లేచి వెళ్లి నడవాలో పడుకున్నాడు. నన్ను తిట్టలేదు. ఒక చెంపదెబ్బ కొట్టినా నాకు బతుకు తేలికయ్యేది. ఆయన తిట్టకపోవడం మీద కూడా నాకు కోపమే వచ్చింది.

తిట్టింది అమ్మ. నన్ను కాదు, నా వంక చూడను కూడా లేదు. రెండు నెలలుగా ఆ గడ్డిని శాపనార్థాలు పెట్టిన మనిషి, తలకి గుడ్డ చుట్టుకుని ఎండలో డాక్టర్ లూపెర్సియో ఇంటికి నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను. ఆయన వరండాలో ఉన్నాడు.

"నా నీళ్లు ఏం చేశావ్ డాక్టరూ?"

"ఏంటమ్మా జెఫా, ఎండలో పడి..."

"పది రోజులకోసారి తలంటుకున్నా. గిన్నెలు కడిగిన నీళ్లు కూడా మోసుకుపోయాడు ఆ పిచ్చివాడు. నీ లారీ రాకపోతే నా తొట్టి తోడాడు. ఆ గడ్డి నా నీళ్లు తాగి పెరిగింది, ఆ గడ్డి పాడైందని రాయించడానికి నీకు నోరెలా వచ్చింది?"

"క్లబ్బు బాగు కోసం..."

"క్లబ్బు బాగా? మేకలు గడ్డి తింటే కడుపు కోసం తింటాయి. నువ్వు దేనికి తిన్నావు?"

వీధిలో జనం పోగయ్యారు. ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టర్ లూపెర్సియో మొహం కందగడ్డ అయింది. లోపలికి పోయి టికెట్టు తెచ్చి నా చేతిలో పెట్టి, "మీ అమ్మని తీసుకుపో" అన్నాడు. అది నాన్నకి కొన్న బస్సు టికెట్టు. అమ్మ నా చేతిలోంచి లాక్కుని ఆయన మెట్ల మీదే రెండు ముక్కలు చేసింది.

తర్వాతి గురువారం మా వీధికి లారీ రాలేదు.

మార్చి పదహారున మా జట్టు రాజధానిలో ఆరు గోల్స్‌తో ఓడిపోయింది. నలభై వేల మంది వాళ్ల జట్టుకి చప్పట్లు కొట్టారట. పేరుకి అది మా సొంతగడ్డ మ్యాచ్. సారా కొట్టులో టీవీ ఉంది, ఊరంతా అక్కడ నిలబడి చూసింది. నాన్న పోలేదు, రేడియో కూడా పెట్టలేదు. తొట్టిలో మిగిలిన నీళ్లలోంచి ఒక డబ్బా నిండా తోడి అమ్మ ముందు పెట్టాడు.

"తలంటుకో."

"గడ్డికో?"

"దానికి వచ్చే లారీ చాల్లే."

అమ్మ డబ్బా పక్కనే కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత తలంటుకుంది.

సెయింట్ జోసెఫ్ పండుగ పంతొమ్మిదిన. ఆ రోజుకి చినుకు పడితే ఆ ఏడు పంట ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. చినుకు పడలేదు. ఊరి మొహాలు వేలాడిపోయాయి. జట్టు అడుగు నుంచి మూడో చోట ఉంది. ఇక ముప్పయ్యో తేదీ ఆదివారం ఒక్క మ్యాచ్ మిగిలింది, మాకంటే ఒక్క మెట్టు కింద ఉన్న జట్టుతో, మా మైదానంలో. ఓడకుండా ఉంటే చాలు, మొదటి వరసలో నిలుస్తాం. ఇది ఎవరూ కొనుక్కునే మ్యాచ్ కాదు. కాబట్టి ఇప్పుడు మైదానం కావాలి.

డాక్టర్ లూపెర్సియో మళ్లీ పిలిచాడు. ఈసారి తలుపు వేయించలేదు.

"గడ్డి కోలుకుందని ఒక ముక్క రాసి పడెయ్యి దల్వా."

"పదిహేను రోజుల్లో చచ్చిన వేళ్లు బతికాయని రాయమంటారా?"

"నువ్వేం రాసినా నమ్ముతారు."

అప్పటిదాకా అణచుకున్నదంతా అరికాలి నుంచి నెత్తికెక్కింది. ఆఫీసు తాళంచెవి ఆయన బల్ల మీద పడేశాను. "మీరే రాసుకోండి. రాయడం రాకపోతే మీ ఆవుల్ని అడగండి, నీళ్లు తాగింది అవే కదా" అన్నాను. ఆ మూడు నెలల్లో నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే, అదీ ఆలస్యంగా.

ఆయన ఉత్తరం రాయలేదు. అంతకంటే తేలిక దారి దొరికింది. బుధవారం మధ్యాహ్నం రేడియోలో ఆయన గొంతు వినిపించింది. అప్పుడు ముగ్గురం బల్ల దగ్గరే ఉన్నాం.

"మా గడ్డికి ఎప్పుడూ ఏ రోగమూ లేదండీ, తివాచీ లాంటిది! ఆఫీసులో ఒక అమ్మాయి ఉండేది. కుర్రతనం, కాస్త కథలల్లే అలవాటు. ఉన్నదీ లేనిదీ కల్పించి సంతకం పెట్టి పంపేసింది. నేను ఊళ్లో లేను. తెలిసిన వెంటనే పన్లోంచి తీసేశాను. ఆదివారం అందరూ రండి, మన మైదానం ఎలాంటిదో చూడండి!"

అమ్మ రేడియో నోరు నొక్కేసింది. నాన్న నన్ను చూశాడు.

"ఆయన ఊళ్లో లేడా అప్పుడు?"

"ఎదురుగా కూర్చున్నాడు నాన్నా. ఈల వేశాడు."

"సంతకం?"

"నాదే."

ఆయన తల ఊపాడు.

సాయంత్రానికి ఊరు మాట మార్చేసింది. రాజధాని మ్యాచ్ పోయింది డాక్టరు వల్ల కాదు, బెలర్మీనో కూతురి అబద్ధం వల్ల. రొట్టెల కొట్లో నన్ను చూసి ఇద్దరు ఆడవాళ్లు పక్కకి జరిగారు. కొట్టువాడు నా మొహం చూడకుండా రొట్టె ఇచ్చాడు. చర్చి మెట్ల మీద కుర్రాళ్లు "దొంగ పచ్చ! దొంగ పచ్చ!" అని వెంటపడ్డారు. నోళ్లు మూయించలేకపోయాను. ఏమని మూయించను? రాసింది నేనే, అది అబద్ధమన్నదీ నిజమే.

శుక్రవారం పొద్దున్నే క్విటేరియా మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"దల్వా! మీ నాన్నకి మతి పోయిందే. మైదానం గేటు బార్లా తీసి, నా మేకల్ని తోలుకుపొమ్మన్నాడు. నావే కాదు, వీధి వీధంతా తోలుకుపోతున్నారు!"

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. గోడ దగ్గరికి చేరకముందే చప్పుడు వినిపించింది, వందల నోళ్లు ఒక్కసారి గడ్డి పీకుతున్న చప్పుడు. లోపల నేల కనిపించలేదు, అన్నీ మేకల వీపులే. నెలల తరబడి ముళ్లు నమిలిన జీవాలు తల ఎత్తకుండా తింటున్నాయి. వేళ్లతో సహా పెళ్లగిస్తున్నాయి. మధ్య గీత అప్పుడే పోయింది. నాన్న సిమెంటు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని.

"ఏంటిది నాన్నా? ఎల్లుండి మ్యాచ్!"

"తెలుసు."

"జట్టు కిందికి పోతుంది!"

"ఆకలేసినవి తింటున్నాయి. నువ్వు అరవకు, బెదురుతాయి."

కర్ర తీసుకుని నాలుగింటిని తోలాను, ఎనిమిది వచ్చాయి. ఆ జీవాల్ని కొడుతూ కొడుతూ నేను ఎవరిని కొడుతున్నానో నాకే తెలియలేదు. చివరికి కర్ర పారేసి ఆయన పక్కనే కూలబడ్డాను. ఇద్దరం మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. ఆయన చూపు గడ్డి మీదే ఉంది. మేకలు దక్షిణం గోల్ ముందుకి చేరినప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

శనివారం సంఘం తరఫున రిఫరీలతో పాటు ఒక పెద్దమనిషి వచ్చాడు. మ్యాచ్ ముందురోజు మైదానం చూసి ఒప్పుకోవడం ఆయన పని. చేతిలో ఫైలు. మిగిలింది పెంట, దుమ్ము, అక్కడక్కడ పసుపు మొదళ్లు. డాక్టర్ లూపెర్సియో చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. గేటు బయట సగం ఊరు నిలబడింది.

"ఎవడు చేశాడీ పని?" డాక్టర్ లూపెర్సియో గొంతు చించుకున్నాడు. "బెలర్మీనో! నిన్నే! నిన్న పొద్దుటిదాకా తివాచీలా ఉన్న మైదానం!"

నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. డాక్టరుని చూడలేదు. నేరుగా ఆ పెద్దమనిషి దగ్గరికి నడిచాడు.

"అయ్యా, ఈ మైదానం సంగతి మీకు నెల కిందటే రాశారు కదా. ఆ కాయితం మీ దగ్గరుందా?"

"ఉంది" అన్నాడాయన. ఫైల్లో వెతికి నా రెండు పేజీలు బయటికి తీశాడు. కాయితం చూశాడు, నేల చూశాడు. గోల్ ముందు దాకా నడిచి, వంగి ఒక మొదలు పట్టుకు లాగాడు. ఊడి వచ్చింది.

"ఇందులో రాసినట్టే ఉంది" అన్నాడు.

"ఆ కాయితం అబద్ధం!" అని అరిచాడు డాక్టర్ లూపెర్సియో.

అప్పుడు నాన్న ఆయన వైపు తిరిగాడు. నాన్న గొంతు పెంచగా నేను వినడం పుట్టాక అదే మొదటిసారి. గేటు బయట ఆఖరి మనిషికి కూడా వినిపించింది.

"దాని కింద సంతకం నా కూతురిది డాక్టరూ. నా కూతురు అబద్ధం రాయదు."